కొత్త చమురు దొరకడం తగ్గిన కాలంలో

సంపాదకులకు,

అయ్యా,

ప్రపంచంలో ఇంకా యాభై ఏళ్లకు సరిపడా చమురు ఉందనీ, కాబట్టి కొత్త నిక్షేపాలు దొరకడం తగ్గిందన్న వార్తలకు కలవరపడనవసరం లేదనీ చెప్పే వ్యాసాలు ఈ మధ్య తరచుగా కనబడుతున్నాయి. వాటి పక్కనే, కొత్త చమురు దొరకడం ఆగిపోయింది గనుక ఆర్థిక వ్యవస్థలు కుప్పకూలే రోజు దగ్గరపడిందని హెచ్చరించే వ్యాసాలూ వస్తున్నాయి. చాలా ఏళ్లుగా ఈ గణాంకాలను శ్రద్ధగా చదువుతున్న పాఠకుడిగా నాకు తోచేదేమంటే, మొదటి మాట మనల్ని నిద్రపుచ్చుతుంది, రెండో మాట చేతులు ముడుచుకుని కూర్చునేలా చేస్తుంది. అసలు అడగవలసిన ప్రశ్న ఆ రెండింటిలోనూ లేదు. ఇప్పుడు నడుస్తున్న చమురు క్షేత్రాల దిగుబడి ఏటా ఎంత తరుగుతోంది, ఆ తరుగును పూడ్చడానికి ఎంత ఖర్చవుతోంది, మన వాడకం ఆ తరుగుకు దీటుగా తగ్గుతోందా లేదా అన్నదే ఆ ప్రశ్న. దాని గురించి కాస్త విపులంగా రాయడానికి అనుమతించమని కోరుతున్నాను.

ముందుగా ఆ యాభై ఏళ్ల లెక్క సంగతి చూద్దాం. ప్రపంచంలో నిర్ధారిత నిల్వలుగా, అంటే తీయగలమని తేల్చినవిగా, ప్రకటించినవి సుమారు 1,70,000 కోట్ల పీపాలు (బ్యారెళ్లు). ప్రపంచం రోజుకు వాడేది 10 కోట్ల పీపాలకు కాస్త ఎక్కువ. మొదటి దాన్ని ఏడాది ఉత్పత్తితో భాగిస్తే యాభైకి దగ్గరగా ఒక సంఖ్య వస్తుంది. భాగహారం తప్పు కాదు గానీ, యాభయ్యో ఏడు చివరి రోజు దాకా చమురు ఒకే ధారగా వచ్చి మర్నాడు ఆగిపోతుందన్న ఊహ దాని వెనక దాగి ఉంది. ఏ చమురు క్షేత్రమూ అలా నడవదు. చెరువులో నీళ్లెన్ని ఉన్నా పొలానికి అందేది తూము వదిలినంతే అన్నట్టు, భూమిలో చమురు ఎంత ఉందన్నదాని కంటే రోజుకు ఎంత పైకి తీయగలం, ఎంత ఖర్చుతో తీయగలం అన్నవే ఆర్థిక వ్యవస్థకు పట్టే విషయాలు. పైగా రాతి పొరల్లో ఉన్న చమురులో సగటున మూడో వంతుకు అటూ ఇటూగా మాత్రమే బయటికి వస్తుంది. మిగిలింది ఆ సన్నటి రంధ్రాల్లోనే చిక్కుకుని ఉండిపోతుంది.

ఆ 1,70,000 కోట్ల సంఖ్యను కూడా కొంచెం జాగ్రత్తగానే తీసుకోవాలి. 1980లలో చమురు ఎగుమతి దేశాల కూటమి అయిన ఒపెక్‌లోని దేశాల మధ్య ఉత్పత్తి వాటాల పంపకం ముఖ్యమైనప్పుడు, కువైట్ 1985లో తన నిల్వలను దాదాపు సగం మేర పెంచి ప్రకటించింది. కొద్ది సంవత్సరాల్లోనే మరికొన్ని సభ్య దేశాలూ అదే బాట పట్టాయి. సౌదీ అరేబియా సంఖ్య దశాబ్దం ముగిసేసరికి సుమారు 17,000 కోట్ల పీపాల నుంచి 25,000 కోట్ల పీపాలు దాటింది. ఆ తరవాత ఏటా వందల కోట్ల పీపాలు తోడుతున్నా కొన్ని దేశాల నిల్వల సంఖ్య ఏళ్ల తరబడి దాదాపు కదలకుండా ఉండిపోయింది. ఆ సంఖ్యలన్నీ అబద్ధాలని నేను అనడం లేదు. అవి స్వతంత్ర తనిఖీ లేని ప్రకటనలని మాత్రం ప్రతి పాఠకుడికీ తెలియాలి. ప్రపంచంలోకెల్లా పెద్దదైన ఘవార్ క్షేత్రం రోజుకు గరిష్ఠంగా 38 లక్షల పీపాలు ఇవ్వగలదన్న సంగతి బయటి ప్రపంచానికి అధికారికంగా తెలిసింది 2019లో, సౌదీ కంపెనీ బాండ్లు అమ్మడానికి పత్రాలు ప్రచురించవలసి వచ్చినప్పుడే. అంతకు ముందు చాలామంది నిపుణులు దాన్ని 50 లక్షలుగా లెక్కవేస్తూ వచ్చారు.

ఇక అన్వేషణ చరిత్రకు వస్తే, 1859లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర డ్రేక్ తవ్వించిన బావిలో 21 మీటర్ల లోతులోనే చమురు తగిలింది. కువైట్‌లో బుర్గాన్ 1938లోను, ఘవార్ 1948లోను, చైనాలో దాచింగ్ 1959లోను, అలాస్కాలో ప్రూడో బే 1968లోను బయటపడ్డాయి. ప్రపంచంలో కొత్తగా దొరికిన చమురు 1960లలో శిఖరానికి చేరింది. అప్పటి నుంచి ఒడుదొడుకులు ఉన్నా దారి మాత్రం దిగువకే. 1980ల నుంచి మనం ఏటా దొరికేదాని కంటే ఎక్కువే తాగుతున్నాం. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2016లో కొత్తగా దొరికిన సంప్రదాయ చమురు (మామూలు బావులతో తీయగలిగేది) 240 కోట్ల పీపాలు. దానికి ముందు పదిహేనేళ్ల సగటు ఏటా 900 కోట్లు. అదే 2016లో ప్రపంచం వాడినది సుమారు 3,500 కోట్ల పీపాలు. ఈ మూడు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఇలా ఎందుకు జరిగిందన్నదానికి మొదటి కారణం చాలా సరళమైనది. పెద్దవే ముందు దొరుకుతాయి. ఘవార్ పొడవు దాదాపు 280 కిలోమీటర్లు. అంత విస్తారమైన నిర్మాణాన్ని ఆనాటి మొరటు పరికరాలతోనే కనిపెట్టగలిగారు. నేటి పరికరాలు, కంప్యూటర్లు వాటికంటే ఎన్నో రెట్లు సూక్ష్మమైనవి. అయినా అవి చూపించేవి ఎక్కువగా చిన్నవి, లోతైనవి, సముద్రం అడుగునో మంచు కిందో ఉన్నవి. 2006లో బ్రెజిల్ తీరానికి దూరంగా దొరికిన తుపి క్షేత్రాన్ని చేరుకోవడానికి రెండు కిలోమీటర్ల నీటిని, ఆ కింద దళసరి ఉప్పు పొరను దాటి తొలుచుకుంటూ పోవాలి. కజకిస్తాన్‌లో 2000లో దొరికిన కషగాన్ ఆ కాలపు అతి పెద్ద ఆవిష్కరణ. 2013లో ఉత్పత్తి మొదలైన కొద్ది రోజులకే విషవాయువు వల్ల గొట్టాలు పగిలి ఆగిపోయింది, గొట్టాలన్నీ మార్చి మళ్లీ మొదలుపెట్టేసరికి 2016 వచ్చింది. ఖర్చు 5,000 కోట్ల డాలర్ల దాకా పెరిగింది.

రెండో కారణాన్ని కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. కొత్త చమురు తక్కువగా దొరకడం భూగర్భం చేసిన పని మాత్రమే కాదు, వెతకడమే తగ్గింది. 2014లో 110 డాలర్లకు పైగా ఉన్న పీపా ధర 2016 ఆరంభానికి 30 డాలర్ల దిగువకు జారినప్పుడు కంపెనీలు మొట్టమొదట కోత పెట్టింది అన్వేషణ ఖర్చుకే. ఆ తరవాత వాటాదారులు లాభాలు పంచమని పట్టుబట్టారు. భవిష్యత్తులో చమురు ఎంత అవసరమో తెలియని స్థితిలో ఇరవై ఏళ్లకు గానీ ఫలం ఇవ్వని పనికి డబ్బు పెట్టడానికి యాజమాన్యాలు వెనుకాడాయి. అందువల్ల తక్కువ దొరికిందన్న ఒక్క వాస్తవం నుంచి భూమి ఖాళీ అయిపోయిందన్న తీర్పుకు దూకడం సరికాదు. వెతికిన చోట అప్పుడప్పుడు గొప్పగా దొరుకుతూనే ఉంది. గయానా తీరంలో 2015లో తొలి బావి ఫలించింది. ఇప్పటికి అక్కడ తీయదగినదిగా తేల్చింది 1,100 కోట్ల పీపాలకు పైమాట. ఈ శతాబ్దపు గొప్ప విజయాల్లో అది ఒకటి. ప్రపంచం వాడకంతో చూస్తే అది నూట పది రోజుల చమురు.

ఈ చర్చలో హబ్బర్ట్ పేరు రాక తప్పదు. షెల్ కంపెనీలో భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేస్తున్న ఆయన 1956లో, అమెరికా చమురు ఉత్పత్తి 1965కూ 1970కీ మధ్య శిఖరాన్ని తాకి దిగుముఖం పడుతుందని చెప్పారు. 1970లో రోజుకు 96 లక్షల పీపాలతో అది శిఖరాన్ని తాకి, 2008 నాటికి 50 లక్షలకు పడిపోయింది. ఆయన జోస్యం ఫలించిందని అందరూ ఒప్పుకున్నాక, ఏళ్ల తరబడి లెక్కలోకి రాని షేల్ రాళ్లను, అంటే చమురును గట్టిగా పట్టి ఉంచే పొరల రాళ్లను, అడ్డంగా తొలిచి, అధిక పీడనంతో నీరు ఇసుక పంపి చీల్చే పద్ధతి రంగంలోకి వచ్చింది. 2023 నాటికి అమెరికా రోజుకు 1.3 కోట్ల పీపాల దగ్గరకు చేరి పాత శిఖరాన్ని దాటిపోయింది. ప్రపంచం మొత్తానికి ఆయన వేసిన అంచనా మరింత గురి తప్పింది: 2000 ప్రాంతంలో ఏడాదికి 1,250 కోట్ల పీపాల దగ్గర శిఖరం వస్తుందన్నారు, ఆ ఏడు నిజంగా వచ్చిన ఉత్పత్తి దానికి రెట్టింపు పైనే. కనుక ఫలానా సంవత్సరంలో చమురు అయిపోతుందని చెప్పేవారి మాటను నేను నమ్మను. అయితే షేల్ గెలుపును చూపించి ఇక ఏ చింతా లేదనే వారు ఒక సంగతి దాటేస్తున్నారు. షేల్ బావి దిగుబడి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. పరుగు ఆపితే నిలబడలేని యంత్రం లాంటిది అది. నిన్నటి ఉత్పత్తిని నిలుపుకోవడానికే ఈరోజు మరికొన్ని బావులు తవ్వుతూ ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనదని నేననుకునే తరుగుదల విషయం ఇక్కడే మొదలవుతుంది.

మెక్సికోలోని కాంటరెల్ క్షేత్రం కథ చెబుతాను. సముద్రం మీద తెట్టులా తేలుతున్న చమురును గమనించి చెప్పిన జాలరి పేరే ఆ క్షేత్రానికి పెట్టారు. 1976లో కనుగొన్న ఆ క్షేత్రం ఆ దేశానికి కామధేనువయింది. ఒత్తిడి తగ్గుతోందని 2000 నుంచి నైట్రోజన్ వాయువును లోపలికి పంపితే ఉత్పత్తి దాదాపు రెట్టింపయి, 2004 నాటికి రోజుకు 21 లక్షల పీపాలకు చేరింది. అప్పట్లో మెక్సికో ప్రభుత్వ ఆదాయంలో సుమారు మూడో వంతు చమురు నుంచే వచ్చేది. ఆ తరవాత ఆరేళ్లు తిరిగేసరికి కాంటరెల్ ఉత్పత్తి శిఖరంలో మూడో వంతు కంటే తక్కువకు పడిపోయింది. వాయువు పంపడం వల్ల చమురు త్వరగా బయటికి వచ్చింది తప్ప, కొత్తగా పుట్టలేదు కదా. దాచింగ్‌లో ఇంకో పద్ధతి చూస్తాం. నీటిని లోపలికి పంపుతూ 1976 నుంచి 2002 వరకు 27 ఏళ్లు వరసగా ఏటా 5 కోట్ల టన్నులకు పైగా తీసి, ఆ తరవాత కిందికి దిగారు. అక్కడి బావుల నుంచి ఇప్పుడు పైకి వచ్చే ద్రవంలో పదింట తొమ్మిది వంతులకు పైగా నీళ్లే. ఉత్తర సముద్రంలో బ్రిటన్ 1999లో శిఖరాన్ని తాకి, ఇప్పుడు అందులో నాలుగో వంతుకు అటూ ఇటూగా మిగిలింది.

ఇవి ఏవో కొన్ని దురదృష్టకరమైన ఉదాహరణలని ఎవరైనా అనుకుంటే, అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025 సెప్టెంబరులో ప్రచురించిన అధ్యయనం చూడాలి. సుమారు 15,000 చమురు, గ్యాస్ క్షేత్రాల వివరాలను పరిశీలించి చేసిన ఆ లెక్కలో, శిఖరం దాటిన సంప్రదాయ చమురు క్షేత్రాల ఉత్పత్తి సగటున ఏటా 5.6 శాతం చొప్పున తగ్గుతోందని తేలింది. అదీ పెట్టుబడి పెడుతూ ఉన్నప్పటి తగ్గుదల. పెట్టుబడి పూర్తిగా ఆపేస్తే ప్రపంచ సరఫరా ఏటేటా రోజుకు 55 లక్షల పీపాల మేర పడిపోతుంది. అంటే ఒక్కొక్క ఏడాదికి బ్రెజిల్, నార్వే రెండింటి ఉత్పత్తి కలిపి మాయమైనట్టు. చమురు, గ్యాస్ వెలికితీతకు ఏటా పెడుతున్న పెట్టుబడిలో దాదాపు 90 శాతం ఈ తరుగును పూడ్చడానికే పోతోంది. ఈ పెట్టుబడి 2025లో సుమారు 57,000 కోట్ల డాలర్లు. ఇంత డబ్బు కేవలం ఉన్నచోట నిలబడడానికి ఖర్చవుతోందన్న మాట. మధ్యప్రాచ్యపు మహా క్షేత్రాలు నెమ్మదిగా, ఏటా రెండు శాతం లోపే తరుగుతున్నాయి. చిన్నవి, సముద్రంలో ఉన్నవి పదిహేను శాతం దాకా వేగంగా పడిపోతున్నాయి. కొత్తగా దొరికేవి ఎక్కువగా ఈ రెండో రకానివే కావడం వల్ల సగటు తరుగుదల రాను రాను పెరుగుతుందే గాని తగ్గదు. మరో విధంగా చెప్పాలంటే, ప్రపంచం తన చమురు కోసం మళ్లీ మళ్లీ అవే కొన్ని మహా క్షేత్రాల మీద, అవి ఉన్న ఆ కొద్ది దేశాల మీద మరింతగా ఆధారపడవలసి వస్తుంది.

దీన్ని మార్కెట్టే చక్కదిద్దుతుందని, కొరత వస్తే ధర పెరుగుతుందని, ధర పెరిగితే పెట్టుబడి వస్తుందని అర్థశాస్త్ర పాఠం చెబుతుంది. ఆ పాఠాన్ని నేను తోసిపుచ్చను. కానీ అందులో కాలానికి చోటు లేదు. అన్వేషణకు అనుమతి ఇచ్చిన రోజు నుంచి తొలి చమురు చుక్క వచ్చేదాకా సగటున ఇరవై ఏళ్లకు దగ్గరగా పడుతోందని పైన చెప్పిన అధ్యయనమే అంటోంది. ధర అన్నది ఈ నెల, వచ్చే నెల సరుకు సంగతి చెప్పగలదు. ఇరవై ఏళ్ల తరవాతి సంగతి దానికి తెలియదు. పీపా 2008 జూలైలో 147 డాలర్లకు ఎగబాకి, ఆ డిసెంబరుకే 40 డాలర్ల లోపుకు పడింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ (ముందుగా కుదుర్చుకునే కొనుగోలు ఒప్పందాల) ధర సున్నా దాటి కిందికి పోయి, మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. సరుకు దాచే చోటు లేక, తీసుకుపోయేవాడికే ఎదురు డబ్బివ్వవలసి వచ్చింది. రెండేళ్లు గడిచాయో లేదో, 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధం వల్ల ధర 120 డాలర్లు దాటింది. ఈ ఊగిసలాటలో ఏ సంకేతాన్ని నమ్మి ఒక దేశం తన రవాణాను, పరిశ్రమలను రూపొందించుకోవాలి?

కొరత చిన్నదే అయినా దాని దెబ్బ చిన్నది కాదన్న సంగతి 1979 నేర్పింది. ఇరాన్ విప్లవం వల్ల ప్రపంచ సరఫరాలో తగ్గినది నాలుగు శాతానికి దగ్గర. ధర మాత్రం ఏడాది తిరిగేలోగా రెట్టింపు దాటింది. పనికి వెళ్లేవాడు బండి ఎక్కక తప్పదు, రైతు ట్రాక్టరు నడపక తప్పదు, సరుకు లారీ కదలక తప్పదు. వాడకం వెంటనే తగ్గదు కాబట్టి ధరే అంతా మోయవలసి వస్తుంది. ఆ బరువు అందరి మీదా ఒకేలా పడదు. సంపన్న దేశాలు ఎక్కువ ధర పెట్టి సరుకు తమ వైపు తిప్పుకుంటాయి. దిగుమతుల మీద బతికే పేద దేశాలకు విదేశీ మారకం కరిగిపోతుంది, ఆ తరవాత ఎరువు, ఆ తరవాత తిండి గింజల ధర పెరుగుతాయి.

అయితే 1979 ఇంకో పాఠం కూడా నేర్పింది, అది ఆశ కలిగించేది. ఆ దెబ్బతో దేశాలు కళ్లు తెరిచి, చమురు లేకుండా చేయగల పనులను చమురు నుంచి తప్పించాయి. 1973లో ప్రపంచ విద్యుత్తులో దాదాపు నాలుగో వంతు చమురు కాల్చి పుట్టించేవారు. నేడు అది మూడు శాతం కూడా లేదు. చమురు వాడకం 1979 నాటి స్థాయికి తిరిగి చేరడానికి దాదాపు పదేళ్లు పట్టింది, ఆ పదేళ్లలో ప్రపంచ ఆర్థిక వ్యవస్థ ఆగిపోలేదు. ఇప్పుడు ఆ పని రోడ్ల మీద మొదలైంది. చమురు వాడకంలో 45 శాతానికి దగ్గరగా ఉన్నది రోడ్డు రవాణాయే. 2024లో ప్రపంచంలో అమ్ముడైన కార్లలో ఐదింట ఒకటికి పైగా విద్యుత్తుతో నడిచేవి. చైనాలో దాదాపు సగం. పెట్రోలు ఇంజను తాగిన ఇంధనంలో నాలుగో వంతుకు అటూ ఇటూగా మాత్రమే చక్రాలకు చేరుతుంది, మిగిలినది వేడిగా పోతుంది. విద్యుత్ మోటారు నాలుగింట మూడు వంతులకు పైగా చక్రానికి చేరుస్తుంది. అంటే చమురు స్థానంలో అంతే శక్తిని వెతుక్కోనక్కరలేదు, అందులో కొంత భాగం చాలు. ఈ వాస్తవం ఇంధన భవిష్యత్తు గురించిన చర్చల్లో తగినంతగా వినిపించడం లేదని నా బాధ. సౌర విద్యుత్తు ఖర్చు 2010 నుంచి 2020 లోపల పదింట ఎనిమిది వంతులకు పైగా తగ్గింది. ప్రపంచ శక్తి వాడకంలో చమురు వాటా యాభై ఏళ్ల కిందట 46 శాతం దాకా ఉండేది. 2024లో మొట్టమొదటిసారి 30 శాతం కంటే దిగువకు వచ్చింది.

వాటా తగ్గడం వేరు, వాడకం తగ్గడం వేరు. మొత్తం పీపాల సంఖ్య ఇంకా తగ్గలేదు. విమానాలు, దూరప్రయాణపు ఓడలు, ప్లాస్టిక్కులు, మందులకు కావలసిన రసాయనాలు, రోడ్డు వేసే తారు వంటివాటికి సులువైన ప్రత్యామ్నాయాలు ఇంకా లేవు. పైగా కొత్త ఇంధన వ్యవస్థకు కావలసిన రాగి, లిథియం గనులు కూడా కనుగొన్న తరవాత పనిలోకి రావడానికి సగటున పదహారేళ్లకు పైగా పడుతుంది. తేడా ఒక్కటే: తీసిన లోహం కాలిపోదు, మళ్లీ కరిగించి వాడుకోవచ్చు.

కాబట్టి నన్ను కలవరపెడుతున్నది చమురు అయిపోతుందన్న ఊహ కాదు. సరఫరా ఒక వేగంతో, అవసరం ఇంకో వేగంతో తగ్గితే మధ్యలో ఏర్పడే అగాధమే నా భయం. అవసరం ముందు తగ్గితే బావులు ప్రశాంతంగా మూతపడతాయి. సరఫరా ముందు తగ్గితే ప్రతి చిన్న యుద్ధానికీ, ప్రతి తుపానుకూ ధరలు ఎగసి, పేదవాడి వంటింటి దాకా ఆ సెగ తగులుతుంది. 2021లో ఇదే అంతర్జాతీయ ఇంధన సంస్థ, 2050 నాటికి వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల నికర ఉద్గారాలు సున్నాకు చేరే దారిలో అప్పటికే ఆమోదం పొందినవాటిని మించి కొత్త చమురు క్షేత్రాలు అక్కరలేదని చెప్పింది. 2025లో తరుగుదల వేగం గురించి హెచ్చరించింది. ఈ రెండు మాటలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని కొందరు ఎద్దేవా చేశారు. నాకు అలా అనిపించదు. మొదటి మాటలో ఒక షరతు ఉంది: వాడకం ఏటేటా గట్టిగా తగ్గాలి. ఆ షరతు నెరవేర్చకుండా మొదటి మాటను మాత్రమే పట్టుకుంటే రెండో హెచ్చరిక నిజమవుతుంది. 2023 డిసెంబరులో దుబాయ్ వాతావరణ సదస్సులో శిలాజ ఇంధనాల నుంచి దూరంగా జరుగుతామని దేశాలన్నీ ఒప్పుకున్నాయి గానీ, ఏ ఏడాదికి ఎంత అన్నది అందులో రాసుకోలేదు.

చమురు అమ్ముకుని బతికే దేశాల విషయంలో నాకు మరింత జాలి కలుగుతుంది. నార్వే 1990లో చట్టం చేసి, 1996 నుంచి చమురు డబ్బును విదేశాల్లో మదుపు చేస్తూ వచ్చింది; 55 లక్షల జనాభా ఉన్న ఆ దేశపు నిధి నేడు 1,50,000 కోట్ల డాలర్లు దాటింది. క్షేత్రాలు తరిగిపోయినా తరవాతి తరాలకు తిండికి లోటు ఉండదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడం అంటే అదే. ఇరాక్ ప్రభుత్వ ఆదాయంలో పదింట తొమ్మిది వంతులు ఇంకా చమురు మీదే ఉంది. అంగోలా ఉత్పత్తి 2008 ప్రాంతంలో రోజుకు 20 లక్షల పీపాల దరిదాపుల్లో ఉండేది, నేడు దానిలో సగానికి కొంచెం పైన. నార్వేలా 2005లోనే నిధి ఏర్పాటు చేసుకున్న తూర్పు తైమూర్ సైతం ఇప్పుడు చిక్కుల్లో ఉంది. దాన్ని పోషించిన బాయు-ఉందాన్ క్షేత్రం 2025లో ఆగిపోయింది, ప్రభుత్వ ఖర్చు ఇప్పటికీ ఎక్కువగా ఆ నిధి నుంచే నడుస్తోంది. నిధి ఉండడం ఒక్కటే చాలదు, దాన్ని తినే వేగం కూడా చూసుకోవాలి. మూసేయవలసిన బావుల ఖర్చు మరొకటి ఉంది. ఉత్తర సముద్రంలోని బ్రెంట్ డెల్టా అనే చమురు వేదిక పైభాగాన్ని 2017లో ఒకే ఎత్తులో తొలగించారు. దాని బరువు 24,000 టన్నులు. అలాంటివి తీసేసే ఖర్చును లాభాలు వస్తున్న రోజుల్లోనే పక్కన పెట్టించకపోతే, ఆదాయం లేని రోజున అది ప్రజల నెత్తిన పడుతుంది.

ఈ స్థితిలో ఎక్కడెక్కడి కొత్త ప్రాంతాలనో తవ్వడానికి అనుమతులిచ్చి ఇంధన భద్రత సాధించామని చెప్పుకోవడాన్ని నేను అంగీకరించలేను. ఈరోజు ఇచ్చిన అనుమతి 2045 ప్రాంతంలో చమురుగా మారుతుంది. ఈ దశాబ్దపు కొరతను అది తీర్చదు, ఆ దశాబ్దపు అవసరం ఎంతో ఎవరికీ తెలియదు. అదే డబ్బును ఇప్పుడు నడుస్తున్న క్షేత్రాల్లో మరి నాలుగు శాతం ఎక్కువ రాబట్టడానికి, వృథాగా కాలిపోతున్న వాయువును పట్టుకోవడానికి, అంతకంటే ముఖ్యంగా రైళ్లు, బస్సులు, విద్యుత్ తీగలు, నిల్వ బ్యాటరీల కోసం పెడితే ఫలం అయిదారేళ్లలో చేతికి వస్తుంది. వాడకుండా మిగిల్చిన పీపాకు అన్వేషణ ఖర్చు లేదు, ఇరవై ఏళ్ల నిరీక్షణ లేదు, ఏ జలసంధి గుండానూ దాన్ని తెచ్చుకోనక్కరలేదు. 2024లో ప్రపంచం రోజూ వాడిన చమురులో సుమారు ఐదో వంతు హార్ముజ్ జలసంధి అనే ఒకే ఇరుకు దారిలో ప్రయాణించిందని గుర్తుంచుకుంటే ఆ చివరి మాట విలువ తెలుస్తుంది.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. ముడి చమురు ధర ప్రతిరోజూ మీ వాణిజ్య పేజీలో వస్తుంది. దానితోపాటు ఏడాదికి ఒకసారైనా నాలుగు సంఖ్యలు ఒకే చోట వేయగలరేమో పరిశీలించండి: ఆ ఏడాది ప్రపంచంలో కొత్తగా దొరికిన చమురు, ఆ ఏడాది వాడిన చమురు, పాత క్షేత్రాలు తరిగిన శాతం, చమురు అవసరం లేకుండా రోడ్డెక్కిన కొత్త వాహనాల వాటా. మొదటి సంఖ్యను చూసి భయపడేవారు, యాభై ఏళ్ల లెక్కను చూసి ధైర్యం తెచ్చుకునేవారు ఇద్దరూ అప్పుడు ఒకే పట్టిక ముందు కూర్చుని మాట్లాడుకోగలుగుతారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు